పాత స్టాన్లీ చిత్రికకు విడిభాగాలు: పాతవా, కొత్తవా?

చెక్కను నునుపు చేసే పాత స్టాన్లీ కంపెనీ బెయిలీ రకం చిత్రికలో ఒక స్క్రూ పోతే హార్డ్‌వేర్ దుకాణంలో వెతకడం వృథా. పిడిని పట్టి ఉంచే కడ్డీకి అంగుళానికి 20 చుట్లు, బ్లేడును పైనుంచి నొక్కి పట్టే లివర్ క్యాప్ స్క్రూకు 24. ఈ కొలతలు మామూలు బజారులో దొరకవు. మిల్లీమీటర్ల బోల్టును బలవంతంగా బిగిస్తే పోత ఇనుములోని మరే చెడిపోతుంది. అందుకే స్క్రూలకు, ఇత్తడి నట్టుకు నా ఓటు మరో పాత చిత్రికకే. అడుగు పగిలినది చవకగా వస్తుంది, చిన్న భాగాలన్నీ ఒకేచోట దొరుకుతాయి. లోతు సవరించే ఇత్తడి నట్టుది మాత్రం ఎడమచేతి మర. అలవాటుగా తిప్పితే విప్పబోయి బిగిస్తారు. బ్లేడు ఆనుకునే ఫ్రాగ్ తీసుకుంటే అది మీ చిత్రిక కాలం నాటిదై ఉండాలి, అది కూర్చునే తీరు తరతరానికీ మారింది.

విరిగిన రోజ్‌వుడ్ పిడిని జిగురుతో అతికించుకోండి, చాలు.

బ్లేడు సంగతి వేరు. అంచు దగ్గర తుప్పు గుంటలు పడితే ఎంత నూరినా పదును సరిగా రాదు. ఇక్కడ కొత్తదే మేలు. నాలుగో నంబరు సైజు చిత్రికకు 2 అంగుళాల వెడల్పుది సరిపోతుంది. పాతదాని మందం దాదాపు 2 మిల్లీమీటర్లు. కొత్తవి కొన్ని 3 దాకా ఉంటాయి. అంత మందమైతే చిత్రిక నోటిని, అంటే అడుగున బ్లేడు బయటికి వచ్చే సందును, ఆకురాయితో వెడల్పు చేయాల్సి రావచ్చు. నేనైతే ఆ పాత ఇనుమును అరగదీయను, రెండున్నర దగ్గరే ఆగుతాను.