వెయిట్ కఫ్ కొంటున్నారా? బరువు తర్వాత, ముందు పట్టీ చూడండి

మోకాళ్ల అరుగుదలకి, తొడ కండరం బలానికి ఫిజియోథెరపిస్టులు (ఫిజియోలు) రాసే వెయిట్ కఫ్‌లు, అంటే చీలమండకి కట్టుకునే ఇసుక బరువు సంచులు, విశాఖలో కేజీహెచ్ ఆసుపత్రి చుట్టుపక్కల సర్జికల్ షాపుల్లో దొరుకుతాయి. అరకిలో, కిలో, రెండు కిలోలు ఉంటాయి. వస్తువుగా చూస్తే మంచిదే. కానీ చాలా ఇళ్లలో నెల తిరక్కుండానే మంచం కిందకి చేరుతుంది. దానికి పెద్దవాళ్ల బద్ధకాన్ని అనడం అన్యాయం. అసలు లోపం పట్టీలో ఉంది.

కొన్ని రకాల్లో వెల్క్రో పట్టీని ప్రతిసారీ ఇనుప రింగులోకి దూర్చి, వెనక్కి లాగి అంటించాలి. వేళ్ల కీళ్లు బిగుసుకున్నవాళ్లకి, చూపు ఆననివాళ్లకి ఇదే పెద్ద పని. పట్టీ చివర మందంగా కుట్టిన రకం తీసుకోండి. అది రింగులోంచి పూర్తిగా జారిపోదు. వదులు చేసి, పాదం దూర్చి, ఒంటిచేత్తో లాగితే సరిపోతుంది. కట్టుకోవాల్సిన మనిషినే షాపులో కూర్చోబెట్టి కట్టి చూడమనండి, కొడుకో కోడలో కట్టి చూస్తే తెలియదు. ఇంట్లో పాదం పీట మీద పెట్టి కట్టుకుంటే నడుం అంతగా వంచక్కర్లేదు. తుంటి మార్పిడి అయినవాళ్లకి మాత్రం వేరేవాళ్లే కట్టాలి.

సముద్రపు గాలికి ఇనుప రింగు తుప్పు పట్టి మేజోడు మీద గోధుమరంగు మరక పడుతుంది. ప్లాస్టిక్ రింగైతే ఆ బెడద లేదు. వెల్క్రోలో నూలుపోగులు, వెంట్రుకలు చేరితే పట్టు పోతుంది, పాత టూత్‌బ్రష్‌తో గీకేయండి. కుట్టు దగ్గర ఇసుక రాలుతోందేమో షాపులోనే నొక్కి చూడండి.

బరువు ఎంతన్నది ఫిజియో చెప్పాలి. కుర్చీలో వీపు ఆనించి కూర్చుని, మోకాలు చాచి, ఐదు అంకెలు పైకే లెక్కపెట్టి, మెల్లగా దించాలి. ఇలా 10 సార్లు. పైకి లెక్కపెడితే ఊపిరి బిగబట్టరు. బీపీ ఉన్నవాళ్లకి ఇది ముఖ్యం. కాలు విసిరితే కండరం పని చెయ్యదు. పది చొప్పున రెండు విడతలు తేలిగ్గా అయ్యాకే బరువు పెంచే మాట. మర్నాటికీ మోకాలు వాచే ఉంటే బరువు ఆపి ఫిజియోని అడగండి. షుగర్‌తో పాదాలు తిమ్మిరెక్కేవాళ్లు నూలు మేజోడు మీదే కట్టుకుని, విప్పాక చర్మం చూసుకోవాలి. కఫ్ కట్టుకుని ఆర్కే బీచ్ ఇసుకలో నడవడం మాత్రం వద్దు. నడక తీరు మారి కీలు మీద భారం పడుతుంది.

పెద్దవాళ్లు పడిపోకుండా ఉండేందుకు న్యూజిలాండ్‌లో పుట్టిన ఒటాగో వ్యాయామ కార్యక్రమంలో ఈ కఫ్‌లతో వారానికి 3 సార్లు, దాదాపు 30 నిమిషాలు చేయిస్తారు, చేసిన రోజు క్యాలెండర్లో గుర్తు పెట్టిస్తారు. మనింట్లో గోడ క్యాలెండర్ తిథి పక్కన టిక్కు పెట్టినా చాలు. కఫ్‌ని బీరువాలో దాచకుండా సాయంత్రం కాఫీ తాగే కుర్చీ చేతికే తగిలించండి. ‘చేశారా నాన్నగారూ?’ అంటే ‘ఆఁ, చేశాను’ అనేస్తారు. ‘ఇవాళ ఏ కాలు ముందు అలిసింది?’ అని అడగండి, చెయ్యని రోజు తెలిసిపోతుంది.

జత అక్కర్లేదు, ఒక కాలయ్యాక రెండో కాలికి మార్చి కట్టుకోవచ్చు. షాపువాళ్లు జతే అంటగట్టబోతే విడిగా ఇమ్మని అడగండి.