హైదరాబాద్‌లో నాలుగు రోజులు: ఒక కెమెరా, రెండు రూములు, చన్నీళ్లు

డిసెంబర్ మొదటి వారంలో నాలుగు రోజులు సెలవు దొరికితే హైదరాబాద్ వెళ్లి ఊరి వీడియోలు తీసుకొచ్చా. ఊరి వీడియోలంటే చార్మినార్ ముందు నిలబడి హాయ్ ఫ్రెండ్స్ అనే టైపు కాదండోయ్. పొద్దున్నే షట్టర్లు ఎత్తడం, పాల వ్యాన్లు, మెట్రో వంతెన కింద ట్రాఫిక్, చాయ్ దగ్గర గుంపు, ఇలా రోజూ జరిగేవే, మనం నోరెత్తకుండా అక్కడి సౌండ్‌తోనే. మొన్న మొన్నటి దాకా మనకీ రాజధానేగా, 2014 తర్వాత కూడా పదేళ్లు కాగితం మీద ఉమ్మడి రాజధాని, 2024 జూన్ 2తో ఆ ముచ్చటా తీరిపోయింది. కోచింగ్ పేరుతో ఏడాది అక్కడే తగలడ్డా గానీ హాస్టలు, క్లాసు, కర్రీ పాయింటు తప్ప నేను చూసిందేం లేదు.

ముందు నేను చేసిన తప్పు చెప్తా. రాజమండ్రిలో గౌతమి ఎక్కితే లింగంపల్లి దాకా వెళ్తుంది, మా బావ ఉండేది మియాపూర్, "గచ్చిబౌలిలో రూమ్ తీసుకోరా, నీట్‌గా ఉంటాయి" అన్నాడు, సరే అని యాప్‌లో రోజుకి 2,200 చొప్పున రెండు రాత్రులకి బుక్ చేశా. రూమ్‌కి వంక పెట్టడానికి లేదు. తెల్లటి దుప్పట్లు, ఎప్పుడు తిప్పినా వేడినీళ్లు, టిఫిన్‌లో గారెలు కూడా వేడివేడిగా ఉన్నాయి. కాకపోతే ఆ గారెలు తిని పాతబస్తీ చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. డిసెంబర్‌లో అక్కడ సూర్యుడొచ్చేది ఆరున్నరకి, మెట్రో మొదలయ్యేదే ఆరింటికి, కాబట్టి గచ్చిబౌలి నుంచి తెల్లారేసరికి చార్మినార్ చేరాలంటే ఐదింటికల్లా క్యాబ్‌లో ఉండాలి, రాత్రంతా ట్రైన్‌లో వచ్చినోడికి అయ్యే పనేనా. నేను చేరేసరికి ఎండ నెత్తికెక్కింది, ఎటు తిప్పినా బండ్లూ తోపుడుబళ్లే, పైగా శుక్రవారం, మక్కా మసీదు వైపు జనం అప్పటికే మొదలయ్యారు. రోజు గంగలో కలిసింది. ఇలాంటి షూటింగ్‌కి రూమ్ ఎంత బాగుందో చూడకండి, పొద్దున ఐదున్నరకి లేచి ఎంతసేపట్లో స్పాట్‌లో ఉంటామో అది చూసుకోండి. రెండో రాత్రి క్యాన్సిల్ చేస్తానంటే, యాప్‌లో ఫ్రీ క్యాన్సిలేషన్ అని కనిపిస్తున్నా సరే, రిసెప్షన్‌లో కుర్రాడు "మా సిస్టమ్‌లో అలా లేదు సార్" అన్నాడు. ఆ 2,200 ఇప్పటికీ రాలేదు.

గచ్చిబౌలిలో ఉన్నందుకు ఆ సాయంత్రం దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దొరికింది. 2020 సెప్టెంబర్‌లో తెరిచారు, నడవడానికి పక్కన ఫుట్‌పాత్ ఉంది. పొద్దుగూకాక ఓ ఇరవై నిమిషాలు ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది చూడండి, అప్పుడే తీయాలి, పూర్తిగా చీకటి పడితే కేబుళ్ల లైట్లు తప్ప ఏం మిగలదు. పెద్ద బండి వెళ్లినప్పుడల్లా వంతెన సన్నగా ఊగుతుంది, ట్రైపాడ్ పెట్టినా ఫ్రేమ్ వణికింది. నిజం చెప్పాలంటే నాకంత ఎక్కలేదు, ఆ బ్రిడ్జి ఏ ఫోన్‌లో చూసినా ఒకేలా ఉంటుంది.

శనివారం పొద్దున్నే బ్యాగు సర్దేసి రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, నాంపల్లిలో దిగా. స్టేషన్ దగ్గర పాత లాడ్జి, నాన్ ఏసీ 1,100. టీవీ ఉంది, రాదు. కిటికీ ఉంది, తెరిస్తే గోడ. రూమ్ చూడకముందే నేనడిగింది టెర్రస్ గురించి. కౌంటర్‌లో పెద్దాయన కళ్లద్దాల పైనుంచి ఓసారి చూసి, "టెర్రస్ మీద ఏం పని బాబూ?" అన్నాడు. కెమెరా చూపించా. "దుప్పట్లు ఆరేసి ఉంటయ్, వాటిని పట్టకు, పిట్టగోడ ఎక్కకు" అని తాళం చేతిలో పెట్టాడు. ఈ ట్రిప్ మొత్తంలో నాకందిన బెస్ట్ సర్వీస్ అదే. పైకెళ్తే నల్ల నీళ్ల ట్యాంకులు, డిష్ గొడుగులు, వాటి వెనక మెట్రో పట్టాలు, మూడు బోగీల ట్రైను నాలుగైదు నిమిషాలకోటి ఆ ట్యాంకుల మధ్య నుంచి జారుకుంటూ పోతుంటే అలా చూస్తూ కూర్చోవచ్చు. ఒక్కటే బాధ, ఆ లాడ్జిలో వేడినీళ్లు ఆరు నుంచి ఎనిమిది దాకానే, నేను సరిగ్గా ఆ టైముకే బయటుంటా, అందుకని డిసెంబర్ చలిలో రెండు పొద్దులూ చన్నీళ్లే.

ఆదివారం ఐదున్నరకి ఆటో. యాప్‌లో 110 చూపించింది, ఎక్కాక "వచ్చేటప్పుడు గిరాకి దొరకదన్నా, ఇంకో నలభై ఇయ్యి" అన్నాడు, ఆ టైములో బేరం పెట్టుకుంటే వెలుతురు పోతుంది, ఇచ్చేశా. లాడ్ బజార్ రోడ్డులో కొంచెం లోపలికొచ్చి తూర్పుకి తిరిగి నిలబడితే సూర్యుడు చార్మినార్ వెనక నుంచి వస్తాడు. 1591లో కట్టిన కట్టడం, ఎన్ని ఫొటోల్లో చూశామో లెక్కలేదు, కానీ ముందు ఊడ్చేవాళ్ల చీపురు దుమ్ము లేచి, అందులోంచి ఎండ గీతల్లా పడుతుంటే, పావురాలు ఒక్కసారిగా లేస్తే, అది వేరే. దగ్గరికెళ్లి ట్రైపాడ్ విప్పా, గార్డు వచ్చి మడిచేయమన్నాడు. తప్పు నాదే, పురావస్తు శాఖ కట్టడాల దగ్గర చేత్తో తీసుకుంటే ఏమనరు, ట్రైపాడ్‌కి మాత్రం ముందే పర్మిషన్ ఉండాలి. టికెట్ కొని పైకెక్కొచ్చు గానీ తెరిచేసరికి ఎండొచ్చేస్తుంది, వీడియో కోసమైతే అక్కర్లేదు.

అక్కడే ఇరానీ చాయ్ దగ్గర ఓ గంట ఉండిపోయా. "వీడియో తీసుకోనా భయ్యా?" అనడిగితే "తీస్కో అన్నా, గిరాకీకి అడ్డం నిలవడకు" అన్నాడు. డికాక్షన్ ఒక గిన్నెలో, మరిగి మరిగి చిక్కబడ్డ పాలు ఇంకో గిన్నెలో, కప్పులో ముందు డికాక్షన్ పోసి పైన గరిటెడు పాలు వేస్తాడు, ఆ పాలు కిందికి దిగి మళ్లీ మబ్బులా పైకి తేలతాయి, రెండు సెకన్ల పని. దాన్ని స్లో మోషన్‌లో పట్టడానికి పదిహేను కప్పులైనా వదిలేసుంటా. పక్కన ఓ ముసలాయన ఉస్మానియా బిస్కెట్ ముంచి, విరిగి చాయ్‌లో పడితే చెంచాతో తీసుకుని తిన్నాడు. ఆయన ముఖం రాకుండా చేతులే తీశా. మనుషుల్ని తీసేటప్పుడు అడగండి, బురఖాలో ఉన్నవాళ్లనీ పిల్లల్నీ అసలు తీయకండి, గొడవ సంగతి పక్కనపెట్టినా పద్ధతి కాదు.

శనివారం సాయంత్రం లాడ్ బజార్‌లో తీసింది సగం పోయింది, కారణం చెప్తే నవ్వుతారు. లక్క గాజులు చేసే ఆయన నిప్పుల మీద లక్క వెచ్చబెట్టి, కడ్డీలా సాగదీసి, గుండ్రంగా తిప్పి, మెత్తగా ఉండగానే ఒక్కో రాయీ అద్దుతున్నాడు, ఈ గాజులకి 2024లో జీఐ ట్యాగ్, అంటే ఫలానా ఊరి సరుకే అనే గుర్తింపు, కూడా వచ్చింది. బ్రహ్మాండంగా వచ్చిందనుకుని రాత్రి చూస్తే ఫ్రేమంతా నల్ల చారలు పాకుతున్నాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, ఫోన్ సెకనుకి 30 ఫ్రేములు, కెమెరా షట్టర్ సెకనులో 60వ వంతులో ఉంది, ఆ షాపు ఎల్ఈడీలకి పడలేదు. 25 ఫ్రేములు, షట్టర్ 50 పెట్టుకుంటే ఈ గోల చాలావరకు ఉండదు.

చుట్టూ తిరగడానికి మెట్రోయే మంచిది, బస్సులో కిటికీ సీటు దొరకడం మన అదృష్టం మీద ఉంటుంది. గ్రీన్ లైన్‌లో నారాయణగూడ నుంచి ఎంజీబీఎస్ వైపు కూర్చోండి, సుల్తాన్ బజార్ దగ్గర పట్టాలు ఇళ్ల మధ్య నుంచి పోతాయి, మేడల మీద ఆరేసిన బట్టలు, మందార కుండీలు, అన్నీ కిటికీ పక్కనే. ఫోన్‌తో తీస్తే నన్నెవరూ ఏమనలేదు, ట్రైపాడ్ మాత్రం బ్యాగులోంచి తీయలేదు. బిర్లా మందిర్ నుంచి ఊరు బాగా కనిపిస్తుంది గానీ ఫోనూ కెమెరా కిందే ఇచ్చేయాలి, దండం పెట్టుకోడానికైతే వెళ్లండి.

మా బావ దగ్గర చిన్న డ్రోన్ ఉంది. "250 గ్రాముల లోపేరా, లైసెన్సే అక్కర్లేదు" అని ఊపుతున్నాడు. సరదాకి ఎగరేసే వాటికి 2021 రూల్స్‌లో పైలట్ లైసెన్స్ మినహాయింపు ఉన్న మాట నిజమే, కానీ ఎక్కడ పడితే అక్కడ ఎగరేయమని కాదు కదా, ఊరి నడిబొడ్డున బేగంపేట ఎయిర్‌పోర్టు ఉంది, డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్ చూసి అక్కడ ఎగరనిచ్చే జోనో కాదో తెలుసుకోవాలి. "బావా, ఈ వయసులో మనకి స్టేషన్ మెట్లు అవసరమా" అన్నా, పెట్టెలో పెట్టేశాడు.

ఆదివారం సాయంత్రం ఇద్దరం ట్యాంక్‌బండ్. సూర్యుడు నెక్లెస్ రోడ్డు వైపు దిగుతాడు కాబట్టి కట్ట మీద నుంచే బుద్ధుడు నల్లగా, వెనక ఆకాశం ఎర్రగా వస్తుంది. 18 మీటర్ల ఏకశిల, 1990లో తీసుకెళ్తుండగా నీళ్లలో పడిపోయి 1992లో మళ్లీ లేచిందాయె. కట్ట మీద పిల్లలు బుడగలు ఊదుతుంటారు, మొక్కజొన్న పొత్తులు, పీచు మిఠాయి, ఇదంతా ఫ్రీ. చెరువు వాసన ఒక్కటే వీడియోలో రాలేదు, మంచిదే.

సోమవారం పొద్దున మళ్లీ టెర్రస్ ఎక్కి, మొజంజాహీ మార్కెట్ గడియారం దగ్గర ఓ అరగంట తీసి, సాయంత్రం గోదావరి ఎక్కేశా. మొత్తం 200 పైచిలుకు క్లిప్పులు, పనికొచ్చేవి ఓ నలభై, అందులో సగం లాడ్జికి రెండు కిలోమీటర్ల లోపలే తీసినవి. ట్యాంకుల మధ్య మెట్రో పోయే క్లిప్పు బావకి పంపితే, తొమ్మిదేళ్ల నుంచి అక్కడే ఉంటున్న మనిషి, "ఇదెక్కడ్రా, లాడ్జి పేరు చెప్పు, ఓ రాత్రి నేనూ వెళ్లి ఉంటా" అన్నాడు. పేరు పంపించా. వేడినీళ్ల టైమింగ్ సంగతి మాత్రం చెప్పలేదు.