ఆవిరి పెట్టె, ఆవిరి గుడారం: కొన్నేళ్ల వాడకం తరువాత

మోకాళ్ల బిగువుకూ, చలికాలపు ముక్కుదిబ్బడకూ నేను కొన్నేళ్లుగా మూలికల ఆవిరి పడుతున్నాను. హైదరాబాదులోని ఒక చికిత్సా కేంద్రంలో తల బయట ఉంచి కూర్చునే చెక్క పెట్టెను మొదట వాడాను. ఆ తరువాత ఇంట్లోకి మడతపెట్టే గుడ్డ గుడారాన్ని, దానితో వచ్చే విద్యుత్ ఆవిరి పాత్రను కొన్నాను.

ఇలాంటి వాటిని అమ్మేవారు, ఇది బౌద్ధ భిక్షువులు పాటించిన పద్ధతేనని తరచూ చెబుతారు. అందులో నిజం లేకపోలేదు. వైశాలిలో పుష్టికరమైన భోజనాలతో జబ్బుపడిన భిక్షువులను చూసి వైద్యుడు జీవకుడు బుద్ధుణ్ణి రెండు అనుమతులు కోరాడని, నడిచేందుకు చంక్రమణ మార్గం, చెమట పట్టేందుకు జంతాఘరం అలా వచ్చాయని భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకంలోని చుల్లవగ్గ అనే భాగం చెబుతుంది. అయితే అది మన ఆవిరి పెట్టె వంటిది కాదు. నిప్పు రగిలించి వేడెక్కించిన గది. చిన్న గదిలో పొయ్యి ఒక పక్కన, పెద్ద గదిలో నడుమ ఉండేది. పొగ పోవడానికి గొట్టం, నీరు పోవడానికి కాలువ, కూర్చోవడానికి పీట, సెగకు ముఖం కాలకుండా పూసుకోవడానికి తడిమట్టి ఉండేవి. మూలికల ప్రస్తావన వేరేచోట, అదే పిటకంలోని మహావగ్గ భాగంలో, మందుల గురించిన భేషజ్య ఖండంలో వస్తుంది. వాతనొప్పులతో బాధపడిన పిలిందవచ్ఛుడనే భిక్షువుకు ఆకులతో చెమట పట్టించడం, వేడినీటి తొట్టిలో కూర్చోబెట్టడం వంటివి అక్కడ అనుమతించారు. నా మోకాళ్లకు దగ్గరి చుట్టం ఆ ఖండమే.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం మందు కాదు, మర్యాద. జంతాఘరం నుంచి చివర బయటికి వచ్చే భిక్షువు బురదైన నేలను కడగాలి, మట్టి తొట్టిని శుభ్రం చేయాలి, పీటను సర్దాలి, నిప్పు ఆర్పి తలుపు మూయాలి. నేను వెళ్లిన కేంద్రంలో ఒకరు లేచిన వెంటనే మరొకరిని అదే తడి పలక మీద కూర్చోబెట్టేవారు. తుడవమని అడిగితే తుడిచేవారు, అడగకపోతే లేదు. ఇంతకాలం వాడాక ఒక కేంద్రాన్ని ఎంచుకోవడానికి నేను చూసేది మూలికల జాబితాను కాదు, ఆ పలకనే.

ఫలితం విషయానికి వస్తే, నువ్వులనూనెతో అభ్యంగనం చేసుకుని పది పదిహేను నిమిషాలు పెట్టెలో కూర్చున్న రోజున మోకాళ్లు సాయంత్రం దాకా తేలికగా వంగుతాయి. మరునాటికి బిగువు మళ్లీ వస్తుంది. కాబట్టి ఇది ఉపశమనమే గాని నివారణ కాదు. వావిలాకు వేసినా, వేపాకు వేసినా, ఉత్త నీళ్లే మరిగించినా మోకాళ్లకు నాకు తేడా తెలియలేదు. పని చేసేది వేడి అని నా అభిప్రాయం. ముక్కుకు మాత్రం నీలగిరి ఆకు, తులసి వేసిన ఆవిరి హాయిగా ఉంటుంది, కాని తల బయట ఉండే పెట్టెలో ఆ ప్రయోజనం చాలావరకు వృథా. ఇక శరీరంలోని విషాలు చెమటగా పోతాయని, బరువు తగ్గుతుందని చెప్పే మాటలను నేను పక్కన పెట్టాను. తగ్గిన బరువు నీటిదే, రెండు గ్లాసుల మజ్జిగతో తిరిగి వస్తుంది.

గుడారం సౌకర్యమైనదే. వెయ్యి వాట్ల పాత్ర అరగంట నడిస్తే అర యూనిట్ కరెంటు ఖర్చవుతుంది. అయితే మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లకు పాత్ర అడుగున సున్నపు పొర త్వరగా కడుతుంది. నిమ్మ ఉప్పు వేసి మరిగించి కడగకపోతే ఆవిరి మందగిస్తుంది. తాగునీరు పోయడం మేలు. వాడిన ప్రతిసారీ గుడ్డను తిరగేసి ఆరబెట్టాలి. వానాకాలంలో అది ఎంతకీ ఆరదు, బూజు వాసన పట్టుకుంటుంది.

స్వేదనం, అంటే చెమట పట్టించే చికిత్స, ఎవరికి తగదో ఆయుర్వేద గ్రంథం చరకసంహితలో సూత్రస్థానమనే భాగంలోని పద్నాలుగో అధ్యాయం చెబుతుంది; గర్భిణులు, మధుమేహం ఉన్నవారు ఆ జాబితాలో ఉన్నారు. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారు కూడా వైద్యుణ్ణి అడగకుండా మొదలుపెట్టకూడదు. మోకాళ్ల కోసమైతే శుభ్రమైన కేంద్రానికి వెళ్లమంటాను. జలుబు కోసమే అయితే గుడారం కొననక్కరలేదు. వెడల్పాటి గిన్నెలో మరిగిన నీళ్లు, పైన ఒక దుప్పటి చాలు, ఆ గిన్నెను పిల్లలకు అందని చోట, కదలని బల్ల మీద పెట్టుకోగలిగితే.