ఐ7 అని అంటగట్టారు: కాలేజీ పిల్లలకు సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనేవాళ్లు ఒక్కసారి ఇది చదవండి

కౌన్సెలింగ్‌లో సీటు రాగానే ప్రతి ఇంట్లో వచ్చే మాట ల్యాప్‌టాప్. పోయిన ఏడు ఆగస్టులో మా ఇంట్లోనూ అదే మాట. మా చెల్లికి సీఎస్‌ఈలో సీటు వచ్చింది. మాది సూర్యాపేట దగ్గర పల్లె, నాన్నది నాలుగెకరాల పత్తి. ఫీజు, హాస్టల్, పుస్తకాలు పోను ల్యాప్‌టాప్‌కి చేతిలో మిగిలింది అమ్మ చీటీ ఎత్తిన 30,000 రూపాయలు. ఆ డబ్బు పట్టుకుని హైదరాబాద్ వెళ్లి ఒక సెకండ్ హ్యాండ్ షాపులో నేను మోసపోయాను. డబ్బు పోవడం ఒక ఎత్తయితే, ఆరు నెలల తర్వాత చెల్లి హాస్టల్ గదిలో కనపడింది ఇంకో ఎత్తు. అది తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

షాపు బయట స్టూడెంట్ ఆఫర్ అని బోర్డు. లోపల కుర్రాడు కూర్చోబెట్టి టీ తెప్పించాడు. "అన్నా, కొత్త ఐ3కి 35 వేలు పెట్టే బదులు ఇది తీస్కో. ఐ7, 16 జీబీ ర్యామ్, 512 ఎస్‌ఎస్‌డీ, విండోస్ 11. కంపెనీ లీజు మాల్, కొత్తదాని లెక్కే. 26,500కి ఇస్తా. చెల్లికి నాలుగేళ్లు ఢోకా లేదు" అన్నాడు. కీబోర్డు పక్కన ఐ7 స్టిక్కర్ తళతళలాడుతోంది. అరచేతులు ఆనే చోట మాత్రం రంగు అరిగిపోయి తెల్లగా ఉంది. బాడీ అంత పాతబడితే స్టిక్కర్ ఒక్కటే కొత్తగా ఎలా ఉందన్న ప్రశ్న నాకు ఆ రోజు రాలేదు. ఐ7 అనే మాట వినగానే మనసు అక్కడే ఆగిపోయింది.

అందుకే ముందు ఈ ఐ7 సంగతి చెప్తాను. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఐ3, ఐ5, ఐ7 అనేవి ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్ల పేర్లు. ప్రాసెసర్ అంటే కంప్యూటర్‌కి మెదడు లాంటిది. కానీ ఐ7 అనేది సగం పేరే. అసలు సంగతి దాని తర్వాత వచ్చే నంబర్‌లో ఉంటుంది. మాకు ఇచ్చింది ఐ7-6600యూ. ఆ 6 అంటే ఆరో జనరేషన్, అంటే ఆరో తరం. 2015లో వచ్చిన ప్రాసెసర్ అది. దానిలో ఉన్నవి రెండే కోర్లు, అంటే పని చేసే భాగాలు రెండే. షాపువాడు వద్దన్న కొత్త ఐ3, అంటే పన్నెండో జనరేషన్ ఐ3-1215యూలో ఆరు కోర్లు ఉంటాయి, పైగా అది 2022లో వచ్చింది. నంబర్ 1తో మొదలైతే మొదటి రెండు అంకెలు కలిపి చదవాలి: 1215 అంటే 12, 1035 అంటే 10. 8తో మొదలైతే ఎనిమిది, 6తో మొదలైతే ఆరు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి సిస్టమ్ అనేది నొక్కితే ఈ నంబర్ పూర్తిగా కనపడుతుంది. స్టిక్కర్ ఎవరైనా అంటించొచ్చు, అక్కడ కనపడే నంబరే చూడండి.

జనరేషన్ వల్ల ఇంకో నష్టం ఉంది. విండోస్ 10కి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో జనరేషన్, ఆ పైవి ఉండాలి. మాది ఆరు. మరి విండోస్ 11 ఎలా ఎక్కించారు? ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కంప్యూటర్ సరిపోతుందా లేదా అని చూసే చెకింగ్‌ను దాటవేసి ఎక్కించారు. అలా ఎక్కించిన వాటికి అప్‌డేట్లు వస్తాయన్న గ్యారంటీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్తోంది. లైసెన్స్ కూడా దొంగదే. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ తెరిస్తే, ఏదో సంస్థ యాక్టివేషన్ సర్వీస్ ద్వారా యాక్టివేట్ అయిందని రాసి ఉంది. మన ఇంటి ల్యాప్‌టాప్‌కి సంస్థ ఎక్కడిది? ఆ రకం యాక్టివేషన్‌కు 180 రోజులే గడువు. ఫిబ్రవరిలో స్క్రీన్ కింద మూల విండోస్ యాక్టివేట్ చేసుకోమని మసక అక్షరాలు వచ్చేశాయి. షాపు వారంటీ మూడు నెలలే కాబట్టి అప్పటికి అదీ అయిపోయింది.

ఇక బ్యాటరీ.

కొన్న రోజు షాపులో ల్యాప్‌టాప్ ఛార్జర్‌కి తగిలించే ఉంది. తీసి చూపించమని నేను అడగలేదు. హాస్టల్‌కి వెళ్లిన వారానికే చెల్లి ఫోన్ చేసి, ఛార్జర్ తీస్తే నలభై నిమిషాలు కూడా ఆగట్లేదన్నా అని చెప్పింది. షాపుకి ఫోన్ చేస్తే "బ్యాటరీకి, అడాప్టర్‌కి వారంటీ ఉండదన్నా, వాటికి టెస్టింగ్ వారంటీయే" అన్నారు. టెస్టింగ్ వారంటీ అంటే కౌంటర్ మీద ఆన్ అయితే చాలు, గడప దాటాక వాళ్లకి సంబంధం లేదు. ఈ మాట ఎవరి నోట వచ్చినా ఆ వస్తువుకి వారంటీ లేదనే అర్థం చేసుకోండి. చేసేదేం లేక చెల్లి ఎప్పుడూ ప్లగ్‌లో పెట్టే వాడుకుంది.

సంక్రాంతి సెలవులు అయ్యాక టచ్‌ప్యాడ్ నొక్కుడు పడట్లేదని చెప్పింది. ధూళి చేరిందేమో, తుడువు అన్నాను. ఫిబ్రవరి చివర హాస్టల్‌కి వెళ్లినప్పుడు టేబుల్ మీద ల్యాప్‌టాప్ కింద ఒక మూలన నాలుగు మడతలు పెట్టిన నోట్‌బుక్ కాగితం కనపడింది. ఇదేంటమ్మా అంటే, "టేబుల్ ఎత్తుపల్లంగా ఉందన్నా, టైప్ చేస్తుంటే ఊగుతోంది" అంది. ల్యాప్‌టాప్ తీసి టేబుల్ మీద చెయ్యి పెట్టి చూశాను. టేబుల్ సమంగానే ఉంది. ల్యాప్‌టాప్ తిరగేస్తే అడుగు అట్ట మధ్యలో పూరీలా పొంగి ఉంది. పక్కనున్న స్క్రూల దగ్గర గోరు దూరేంత సందు. ఉబ్బిన బ్యాటరీ కింద అట్టని, పైన టచ్‌ప్యాడ్‌ని రెండు వైపులా నెడుతోంది. నా చెల్లి దాన్ని రోజూ రాత్రి ఛార్జింగ్ పెట్టి, దుప్పటి మీదే పక్కన పెట్టుకుని పడుకుంటోంది.

ఉబ్బిన లిథియం బ్యాటరీకి నిప్పంటుకునే ప్రమాదం ఉంది. వెంటనే ఆఫ్ చేసి, ఛార్జర్ పీకి, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ షాపుల సముదాయానికి తీసుకెళ్లాను. అక్కడ ఒక టెక్నీషియన్ అన్న జాగ్రత్తగా విప్పి బ్యాటరీ బయటికి తీశాడు. అప్పుడే ఇంకోటి బయటపడింది. స్క్రీన్ హింజ్, అంటే స్క్రీన్‌ని బాడీకి పట్టి ఉంచే మడత, ఎప్పుడో విరిగితే లోపల ఎం-సీల్ ముద్ద పెట్టి అతికించారు. ర్యామ్ ఒక్కటే చెప్పినంత ఉంది. ఆ అన్న పని పూర్తి చేసి 200 రూపాయలు మాత్రమే తీసుకున్నాడు. అందరూ మోసగాళ్లే అని నేను అనట్లేదు.

అమ్మిన షాపుకి వెళ్తే మాట మారింది. "ఇది మా దగ్గర కొన్నదే కాదు" అన్నారు. నేను చూపించిన బిల్లులో ఏముందో తెలుసా? ఒక తెల్ల స్లిప్పు, దాని మీద పెన్నుతో ల్యాప్‌టాప్ ఒకటి, 26,500. షాపు పేరు లేదు, జీఎస్టీ నంబర్ లేదు, సీరియల్ నంబర్ లేదు. జీఎస్టీ బిల్లు అయితే ఇంకో 18 శాతం పడుతుందన్నా, చెల్లి చదువుకి కదా, ఎందుకు అదనం అన్నాడు ఆ రోజు. నిజంగా నా మంచికే చెప్తున్నాడనుకున్నాను. సగం క్యాష్ ఇచ్చాను, సగం ఫోన్‌లో పంపితే అది షాపు పేరు మీద కాకుండా ఎవరో వ్యక్తి పేరు మీద పడింది. నేను మోసపోయింది ప్రాసెసర్ దగ్గర కావచ్చు కానీ, ఏమీ చేయలేకపోయింది మాత్రం ఈ స్లిప్పు వల్లే.

కాబట్టి పక్కా బిల్లు ఇవ్వను అన్న షాపులో అసలు కొనకండి. బిల్లులో షాపు పేరు, జీఎస్టీ నంబర్, మోడల్, ప్రాసెసర్ పూర్తి నంబర్, సీరియల్ నంబర్, వారంటీ ఎన్ని నెలలు, బ్యాటరీకి ఉందా లేదా, అన్నీ రాయించుకోండి. సీరియల్ నంబర్ ల్యాప్‌టాప్ అడుగున ఉంటుంది, బిల్లులోది దానితో కలుస్తోందో లేదో అక్కడే సరిచూసుకోండి. అలాంటి బిల్లు ఉంటే, తేడా వచ్చినప్పుడు 1915కి ఫోన్ చేయొచ్చు, అది నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు, కొన్న ఊరికి తిరగక్కర్లేదు. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు. రెండేళ్ల లోపు వేయాలి. నేను 1915కి ఫిర్యాదు చేశాను. ఆ షాపులోనే కొన్నానని చూపే కాగితం లేక అది ముందుకు కదల్లేదు.

షాపులో కనీసం అరగంట కూర్చోండి, తొందరపెట్టినా లేవకండి. ఛార్జర్ తీయించి వాడి చూడండి. బ్యాటరీ ఎంత మిగిలిందో విండోసే చెప్తుంది: కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే విండో) తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని కలిపి (powercfg /batteryreport) కొడితే ఒక రిపోర్ట్ తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ అంటే కొత్తగా ఉన్నప్పటిది, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అంటే ఇప్పటిది. మాది తర్వాత చూస్తే 50,000కి 13,000 దగ్గర ఉంది. నాలుగో వంతు. ఆ రోజే చూసి ఉంటే కౌంటర్ దగ్గరే లేచి వచ్చేవాణ్ణి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, దానిలో ర్యామ్ ఎంతో, డిస్క్ ఎస్‌ఎస్‌డీయో (వేగంగా పనిచేసే రకం) కాదో తెలుస్తుంది. రీస్టార్ట్ చేయించి బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్‌లోకి వెళ్లమనండి. పాస్‌వర్డ్ అడిగితే అది ఏ కంపెనీ లాక్‌తోనో వచ్చిన మాల్ కావచ్చు, వదిలేయండి. స్క్రీన్‌ని మెల్లగా పదిసార్లు తెరిచి మూయండి, హింజ్ దగ్గర కిర్రుమంటే వద్దు. చివరగా సమంగా ఉన్న గాజు కౌంటర్ మీద పెట్టి నాలుగు మూలలూ వేలితో నొక్కండి. ఊగిందంటే తీసుకోకండి.

అసలు ఫస్టియర్ పిల్లలకి ఐ7 అవసరమే లేదు. సీ, పైథాన్ లాంటి ప్రోగ్రామింగ్ భాషలు నేర్చుకోవడానికి ఇప్పటి ఐ3 లేదా ఏఎండీ కంపెనీ రైజెన్ 3, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉంటే చాలు. ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో లాంటివి వచ్చేసరికి 16 జీబీ ఉంటే హాయి. అందుకే ర్యామ్ పెంచుకునే స్లాట్ ఉందో లేదో కొనేటప్పుడే అడగండి, కొన్నిటిలో ర్యామ్ బోర్డుకే అతికించేసి ఉంటుంది. మేము చివరికి అమ్మ మళ్లీ అప్పు చేసి ఇస్తే ఏప్రిల్‌లో కొత్త ఐ3 తీసుకున్నాం. కంపెనీ వారంటీ ఏడాది, విండోస్ దానితోనే వచ్చింది. చెల్లి పని నడుస్తోంది.

మీ ఇంట్లోనో, మీ పిల్లల హాస్టల్‌లోనో ఇప్పటికే పాత ల్యాప్‌టాప్ ఉంటే ఈ రాత్రే ఒక ఫోన్ చేసి అడగండి: టచ్‌ప్యాడ్ గట్టిపడిందా, టేబుల్ మీద ఊగుతోందా, అడుగు అట్ట పొంగిందా? ఏ ఒక్కటి ఉన్నా ఆఫ్ చేసి ఛార్జర్ తీసేయమనండి. పొంగిన చోట నొక్కొద్దు, గుచ్చొద్దు, వాళ్లంతట వాళ్లు విప్పొద్దు. మంచానికి, బట్టలకి దూరంగా నేల మీద పెట్టి, పొద్దున్నే తెలిసిన టెక్నీషియన్ దగ్గరికి తీసుకెళ్లమనండి. తీసిన బ్యాటరీని చెత్తబుట్టలో వేయనివ్వకండి, అది ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇవ్వాలి.