కళింగపట్నం బీచ్‌లో గుర్రపు స్వారీకి డబ్బులు కడుతున్నారా? ఆగండి

ఒళ్లు మండిపోతోంది, అందుకే ఇంటికి రాగానే రాస్తున్నాను. "పున్నమి సాయంత్రం అలల వెంట గుర్రపు స్వారీ" అని ఇన్‌స్టాలో ఊదరగొడుతున్న పేజీ ఏదో మన శ్రీకాకుళం జిల్లావాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. తెల్లగుర్రం నీళ్లు చిమ్ముకుంటూ పరిగెత్తే రీల్, అదే. ఆ రీల్‌లో నీళ్లలోకి దిగిన కొండ కూడా ఉంటుంది. కళింగపట్నం ఒడ్డున కొండెక్కడిదండీ!

మా ఆయన పుట్టినరోజని ఇద్దరికీ బుక్ చేశాను. 2,400 రూపాయలు, మొత్తం ముందే. బరువులు అడిగితే దాచకుండా వాట్సాప్‌లో పెట్టాను, ఆయన 92 కిలోలని. "నో ప్రాబ్లం మేడం" అని పక్కన గుర్రం బొమ్మ కూడా పెట్టాడు మహానుభావుడు.

గార మీదుగా వెళ్లి లైట్‌హౌస్ దగ్గర దిగేసరికి నీరు పైపైకి వస్తోంది. గుర్రం నడవాల్సిన గట్టి తడి ఇసుక కాస్తా అలల కిందకి పోయింది. మిగిలిందల్లా చీలమండ దాకా దిగబడే పొడి ఇసుక. వల సర్దుకుంటున్న తాత మమ్మల్ని చూసి నవ్వాడు. "పున్నమి కదమ్మా, ఈ ఏళకి పోటు మీదుంటాది. గుర్రాన్ని నీళ్లలో ఈదిత్తాడేటి?" పున్నమికీ అమావాస్యకీ పోటు పెద్దదని ఒడ్డున పిల్లలకీ తెలుసు. రోజూ అక్కడే ఉండేవాడికి తెలియదా? తెలిసే అమ్మాడు.

ఇక గుర్రం. ఏదో పెళ్లి ఊరేగింపు నుంచి నేరుగా తోలుకొచ్చినట్టుంది, జూలులో జరీ దారాలు ఇంకా వేలాడుతున్నాయి. పొట్ట కింద, జీను పట్టీ ఒరుసుకునే చోట రూపాయి బిళ్లంత పుండు. గుర్రంవాడు దాని మీద పసుపు అద్ది, మళ్లీ అక్కడే పట్టీ బిగిస్తున్నాడు. లాగినప్పుడల్లా అది చెవులు వెనక్కి వాల్చి కొరకబోతోంది. "నాటకాలు మేడం, దానికి అలవాటే" అట.

అసలు ఘనకార్యం ఇది. మా ఆయన రికాబులో కాలు పెట్టబోతుంటే, ఎగాదిగా చూసి, చుట్టూ ఉన్న జనానికి వినబడేలా, "అన్నా, మీరెక్కితే గుర్రం కూలబడిపోద్ది. సచ్చిపోతే డబ్బులు మీరిస్తారా?" అన్నాడు. జనం ఘొల్లుమన్నారు. ఆయన మెల్లగా కాలు తీసేసి, "పర్లేదులే, నువ్వెక్కు" అన్నారు నాతో. పుట్టినరోజు నాడు!

గుర్రం తన బరువులో ఐదో వంతుకు మించి మోయకూడదంటారు, జీనుతో కలిపి. 300 కిలోల గుర్రమైతే 60. ఆ లెక్కన నేను కూడా ఎక్కువే. ఎక్కించనన్నందుకు కాదు నా కోపం. 92 అని చదివి డబ్బులు తీసుకున్నప్పుడు ఈ జీవకారుణ్యం ఏమైంది? వాట్సాప్ తీసి చూపిస్తే, "బుకింగులన్నీ ఆఫీసోళ్లు చూసుకుంటారు, వాళ్లతో మాట్లాడండి" అన్నాడు. సరేనని ఆ ఆఫీసు నంబరుకే ఫోన్ కొట్టాను. వాడి ప్యాంటు జేబులోనే మోగింది! తీసి, కట్ చేసి, నా మొహంలోకే చూస్తూ "బిజీగా ఉన్నట్టున్నారు" అన్నాడు. సిగ్గూ శరం ఉండక్కర్లేదూ?

నేనూ ఎక్కలేదు. "కస్టమర్ ఎక్కకపోతే రిఫండ్ ఉండదు" అట. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, చూద్దాం.

వెళ్లాలనే ఉంటే గుర్రాన్ని కళ్లారా చూశాకే డబ్బులివ్వండి. వేళ జాలర్లని అడగండి, ఆటు ఉన్నప్పుడే నడవడానికి గట్టి ఇసుక దొరుకుతుంది. జనవరి నుంచి మార్చి దాకా మాత్రం పై ఇసుకలోకి గుర్రాన్ని తోలనివ్వకండి, మన తీరంలో తాబేళ్లు గుడ్లు పెట్టేది అక్కడే.

ఇప్పుడే చూశాను, నన్ను బ్లాక్ చేశాడు. మా మరిది తన నంబరు నుంచి అడిగితే, వచ్చే పున్నమికి స్లాట్లు ఖాళీ ఉన్నాయట. బరువెంతని కూడా అడగలేదు.