లాక్టేటా, ఫెరిటినా, సీకేనా: ఈత పిల్లలకు ఏ రక్తపరీక్ష మేలు?

పోటీలు దగ్గరపడితే చాలు, తల్లిదండ్రులు అడిగేది ఒక్కటే: "సార్, పిల్లల ఫిట్‌నెస్ తెలియాలంటే ఏ రక్తపరీక్ష చేయించాలి?" నా ఓటు లాక్టేట్‌కే. గట్టిగా శ్రమించినప్పుడు కండరాల్లో తయారై రక్తంలోకి చేరే పదార్థం అది. కాకపోతే దాని అంకెలను చదవడం తెలియాలి.

లాక్టేట్‌ను నేరుగా వేగంతో పోల్చి చూడొచ్చు. 200 మీటర్లు ఏడుసార్లు, ప్రతిసారీ కాస్త వేగం పెంచుతూ ఈదిస్తాం. ఈదిన ప్రతిసారీ చెవితమ్మె నుంచి ఒక చుక్క తీస్తాం. తమ్మెను పొడిగా తుడిచి, మొదటి చుక్కను వదిలేయాలి. కొలను నీళ్లు కలిశాయంటే అంకె తప్పుతుంది. కొన్ని వారాల తర్వాత అదే వేగానికి లాక్టేట్ తగ్గితే, మామూలుగా ఓర్పు పెరిగినట్టే. పెద్దవాళ్లకు హద్దుగా వాడే లీటరుకు 4 మిల్లీమోల్ గీతను మాత్రం పన్నెండేళ్ల పిల్లలకు పెట్టకండి. వాళ్ల కండరాల్లో లాక్టేట్ తయారయ్యేదే తక్కువ. ఎదిగేకొద్దీ అది పెరుగుతుంది, అంతమాత్రాన ఫిట్‌నెస్ పడిపోయినట్టు కాదు.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. ఒకసారి బాగా కష్టపెట్టిన వారం చివర్లో ఒకమ్మాయికి పరీక్ష పెట్టాను. అన్ని వేగాల్లోనూ లాక్టేట్ తక్కువే. వాళ్ల నాన్నగారు తెగ సంబరపడ్డారు. నా కళ్లు మాత్రం చివరి 200 దగ్గర ఆగాయి. ప్రాణం పెట్టి ఈదినా మూడు సెకన్లు వెనకబడింది, అక్కడా లాక్టేట్ లేవలేదు. లాక్టేట్ తయారయ్యే ఇంధన నిల్వ అయిన గ్లైకోజెన్ కండరాల్లో అడుగంటితే ఇలాగే అవుతుంది. రెండు రోజులు విశ్రాంతి ఇచ్చి, కడుపునిండా తినిపించి మళ్లీ చూస్తే లాక్టేట్-వేగం గీత పాత చోటికే వచ్చింది. అందుకే ఇప్పుడు అంకెల పక్కనే ముందురోజు ఏం తిన్నారో, ఎంత ఈదారో రాసుకుంటున్నాను. ఆ రెండూ ఒకేలా లేకపోతే పోలికే పెట్టను.

ఒంట్లో ఐరన్ నిల్వలు చెప్పే ఫెరిటిన్ ఫిట్‌నెస్‌ను కొలవదు. కానీ ఎంత సాధన చేసినా పిల్ల నీరసపడుతుంటే మొదట చూడాల్సింది అదే, ముఖ్యంగా నెలసరి మొదలైన ఆడపిల్లల్లో. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఐరన్ నిల్వలు ఖాళీ అయి ఉండొచ్చు. జ్వరం వచ్చినప్పుడు చేయిస్తే మాత్రం ఫెరిటిన్ ఎక్కువ చూపించి మోసం చేస్తుంది. మాత్రల సంగతి డాక్టర్‌కే వదిలేయండి.

సీకే (క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైమ్) కండరాల దెబ్బను చూపిస్తుంది, అదీ మనిషికో తీరుగా. నిన్న జిమ్‌లో బరువులెత్తినా పెరుగుతుంది. ఇక కార్టిసాల్, టెస్టోస్టెరాన్ హార్మోన్లు అంటారా, ఒకటి పొద్దున ఉన్నట్టు సాయంత్రం ఉండదు, రెండోది ఎదిగే వయసులో ఎలాగూ మారిపోతుంటుంది. వాటికి పెట్టే డబ్బు దండగ.