రెండు వారాల్లో అయిపోవాల్సిన ట్యూబు: మూడు వేసవులు వాడిన జెల్ సన్‌స్క్రీన్

ఎస్‌పీఎఫ్ (ఎండకు చర్మం కమలకుండా ఆపే కొలత) 50, పీఏ (చర్మాన్ని నల్లబరిచే యూవీఏ కిరణాలను ఆపే కొలత) నాలుగు ప్లస్‌లు, జెల్ రకం, 50 గ్రాముల ట్యూబు, 500 రూపాయలు. హైదరాబాద్ ఎండలో స్కూటర్ మీద తిరుగుతూ మూడు వేసవులుగా వాడుతున్నది ఇదే. క్రీము మంచిదే. సన్‌స్క్రీన్ రాసినా నల్లబడుతున్నామని చెప్పేవాళ్లలో చాలామందికి తేడా వచ్చేది రాసే కొలత దగ్గర.

ఆ 50 అనే అంకె చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు పూసి పరీక్షిస్తే వచ్చింది. మనం మామూలుగా రాసుకునేది అందులో పావు నుంచి సగం. సగమే రాస్తే 50 కాస్తా 25కో, ఇంకా కిందికో దిగిపోతుంది. బఠాణీ గింజంత తీసుకుని ముఖమంతా పులమడం దండగ. చూపుడువేలు, మధ్యవేలు మీద మొదలు నుంచి కొస దాకా సన్‌స్క్రీన్‌తో ఒక్కో గీత గీయండి. ఈ ట్యూబు మూతితో ఆ రెండు గీతలు వంటింటి తూకంలో సుమారు 1.2 గ్రాములు వచ్చాయి. ముఖానికి అది సరిపోతుంది. చెవులకు, మెడకు, మెడ వెనక్కి ఇంకో గీత కావాలి. అంటే ఒక్కసారికి 1.8 గ్రాములు, దాదాపు 18 రూపాయలు. రోజుకు రెండుసార్లు రాస్తే ట్యూబు రెండు వారాలు దాటదు. మీ ట్యూబు మూడు నెలలు వస్తోందంటే సగం కూడా రాయడం లేదన్నమాట.

మూడు గీతలూ ఒకేసారి రుద్దితే జిడ్డుగా ఉండి, చెమటతో జారుతుంది. సగం రాసి, రెండు నిమిషాలు ఆగి, మిగతా సగం రాయండి. బయటికి వెళ్లడానికి 15 నిమిషాల ముందే ఇది అయిపోవాలి. హెల్మెట్ వెంటనే పెట్టేస్తే నుదుటి మీదా చెంపల మీదా ఉన్నదంతా లోపలి స్పాంజికి అంటుకుపోతుంది. ఎండలో ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. ముందు చెమటను మెత్తటి గుడ్డతో అద్దండి, రుద్దకండి.

చేతులకు ఈ జెల్ వాడమని చెప్పను. మోచేతుల దాకా సరైన కొలతలో రాయాలంటే ముఖానికి పట్టినదానికంటే ఎక్కువ పడుతుంది. నిండు చేతుల సన్‌కోటు, గ్లౌజులు వేసుకుంటే ఆ క్రీమంతా ముఖానికి మిగులుతుంది. గుడ్డకు రెండు గంటల గడువు కూడా లేదు.

ఈ జెల్‌లో బాగా నచ్చింది, చామనఛాయ ముఖం మీద విభూతి పూసినట్టు కనపడకపోవడం. జింక్ ఆక్సైడ్ ఎక్కువున్న క్రీముల్లో ఆ ఇబ్బంది ఉంటుంది. అయితే చెమట పట్టినప్పుడు ఇది కారి కళ్లు మండుతాయి. కళ్ల చుట్టూ మాత్రం జింక్ ఆక్సైడ్ స్టిక్ రాస్తే ఆ బాధ తప్పింది. సిలికోన్ ఉన్న మాయిశ్చరైజర్ ఆరకముందే రాస్తే నలుగు రాలినట్టు ఉండలు కడుతుంది. అయిదు నిమిషాలు ఆగాలి, లేదా మాయిశ్చరైజర్ మానేయాలి. రెండూ అరచేతిలో కలిపి మాత్రం రాయకండి, సన్‌స్క్రీన్ పలచబడిపోతుంది.

మంగు మచ్చలున్నవాళ్లకు ఇది చాలదు. కంటికి కనిపించే వెలుతురు కూడా ఆ మచ్చల్ని ముదురు చేస్తుంది, ఈ రంగులేని జెల్ దాన్ని ఆపలేదు. ఐరన్ ఆక్సైడ్లు కలిపిన, చర్మం రంగులో ఉండే టింటెడ్ రకం తీసుకోవాలి. మొటిమలకు డాక్సీసైక్లిన్ మాత్రలు వాడుతున్నవాళ్లకు చర్మం త్వరగా కమిలిపోతుంది, క్రీముతో పాటు స్కార్ఫు, నీడ తప్పనిసరి. ఆరు నెలల లోపు పిల్లలకు సన్‌స్క్రీన్ బదులు నీడ, బట్టలే.

కొనేటప్పుడు వెనక ఉన్న పదార్థాల పట్టీ చదవండి. ఇందులో అవోబెంజోన్ అనే ఎండను ఆపే రసాయనం ఉంది. పట్టీలో బ్యూటైల్ మెథాక్సీడైబెంజాయిల్‌మీథేన్ అని రాస్తారు. చర్మాన్ని నల్లబరిచే యూవీఏ కిరణాలకు అది మంచి అడ్డు, కానీ ఎండకు తానే విరిగిపోతుంది. పక్కన ఆక్టోక్రిలీన్ అనే ఇంకో రసాయనం ఉంటే నిలబడుతుంది. ఆక్టినాక్సేట్ మాత్రమే తోడుంటే ఇంకా త్వరగా పాడవుతుంది.

ఇదే అవోబెంజోన్ బట్టల మీద ఇంకో చిక్కు తెస్తుంది. ఇనుము ఎక్కువున్న బోరు నీళ్లతో ఉతికితే తెల్ల చొక్కా కాలరు మీద తుప్పు రంగు మరక లేస్తుంది. బ్లీచింగ్ వేస్తే మరక ఇంకా ముదురుతుంది. ముందు సబ్బుతో జిడ్డు వదిలించి, తర్వాత నిమ్మఉప్పు కలిపిన నీళ్లలో అరగంట నానబెడితే చాలావరకు పోతుంది.

మళ్లీ రాసుకోవడానికని ట్యూబును స్కూటర్ డిక్కీలో ఉంచకండి. ఎండకు ఆ డిక్కీ పొయ్యిలా వేడెక్కి క్రీము విరిగిపోతుంది. నొక్కగానే ముందు నీళ్లు, తర్వాత గడ్డలు వస్తే తేదీ ఇంకా ఉన్నా సరే పారేయండి.